మందు లేని చేలో పంట

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే ఇంగ్లండులో ఉన్న మన పిల్లల వాట్సాప్ స్టేటస్‌లు పసుపుపచ్చగా మారిపోతాయి. కనుచూపు మేర పసుపు ఆరబోసినట్టున్న చేను, గట్టు మీద నిలబడి ఓ ఫోటో. కింద 'ఆవ చేను' అని రాస్తారు. చూడ్డానికి ఆవ చేనులాగే ఉంటుంది. కానీ అవి ఆవాలు కావు, ఆవాలకు బాగా దగ్గర చుట్టం.

అక్కడి రైతులు దాన్ని ఆయిల్‌సీడ్ రేప్ అంటారు. పేరు వినగానే మనకు ఇబ్బందిగా ఉంటుంది గానీ, అది లాటిన్‌లో టర్నిప్ దుంపకున్న 'రాపమ్' అనే పేరు నుంచి వచ్చిన మాట. ఈ మొక్క నూనెలో ఎరూసిక్ ఆమ్లాన్ని, పిండిలో ఘాటు పదార్థాలను బాగా తగ్గించిన రకాలను కెనడా శాస్త్రవేత్తలు 1970ల్లో తయారు చేశారు. వాటికి 'కనోలా' అని పేరు పెట్టారు. అమెరికాలో మనవాళ్ళ వంటింట్లో కనిపించే కనోలా నూనె డబ్బా సంగతి ఇదే. పలకడానికి సుఖంగా ఉంటుంది కాబట్టి ఈ వారం నేనూ కనోలా అనే అంటాను.

పరాయి దేశపు పంట గురించి మనకెందుకంటారా? ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ప్రశ్నతో ముగుస్తాయి. "దీనికి ఏ మందు కొట్టాలో చెప్పండి." ఇంగ్లండు కనోలా రైతులకు పదేళ్ళుగా ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఉన్న మందు ఒకటి చట్టం తీసేసింది. ఇంకొకటి పురుగు లెక్క చెయ్యడం మానేసింది. అయినా కొందరు పండిస్తున్నారు. వాళ్ళు ఎలా పండిస్తున్నారో చూస్తే మన పొలాలకు పనికొచ్చే సంగతులు చాలానే కనిపిస్తాయి.

పదకొండు నెలల పంట, నాలుగు వారాల గండం

ఇంగ్లండులో కనోలాను ఆగస్టులో విత్తుతారు. సెప్టెంబరు మొదటి వారాల వరకూ విత్తేవాళ్ళు ఉంటారు. చలికాలమంతా మొక్క నేలకు అంటుకుని ఉండి, వసంతంలో లేచి, ఏప్రిల్, మే నెలల్లో పూస్తుంది. జూలైలో కోస్తారు. దాదాపు పదకొండు నెలలు భూమిలో ఉండే పంట. సగటున ఎకరాకు పన్నెండు నుంచి పద్నాలుగు క్వింటాళ్ళు పండుతుంది.

ఇంత పొడుగు పంటకు తలరాత మాత్రం మొదటి నాలుగు వారాల్లోనే తేలిపోతుంది. కారణం ఒక పెంకు పురుగు. నువ్వుగింజంత ఉంటుంది. నీలం, నలుపు కలిసిన రంగులో మెరుస్తుంది. ముట్టుకోబోతే మిణ్ణల్లిలా ఎగిరి దూకుతుంది. వేసవి మొదట్లో పాత పంట నేలలోంచి బయటికి వచ్చి, కొన్నాళ్ళు ఎక్కడో చల్లని చోట దాక్కుని, సరిగ్గా కొత్త పంట మొలిచే వేళకి గుంపులుగా వచ్చి వాలుతుంది. అప్పటికి మొక్కకు ఉన్నవి రెండే రెండు మొలకాకులు. వాటిని జల్లెడలా తూట్లు పొడుస్తుంది. నేలలో పదును లేక మొక్క నెమ్మదిగా పెరుగుతుంటే, పొద్దున చూసిన మొలక సాయంత్రానికి ఉండదు. పైగా కొన్నిసార్లు మట్టిలోంచి తల బయట పెట్టకముందే కొరికేస్తుంది. రైతు వచ్చి చూస్తే విత్తనమే మొలవలేదేమో అనిపిస్తుంది.

కథ అక్కడితో అయిపోదు. బతికిన మొక్కల మొదళ్ళ దగ్గర మట్టిలో తల్లి పురుగు గుడ్లు పెడుతుంది. శీతాకాలంలో పిల్ల పురుగులు ఆకు కాడల్లోకి దూరి, అక్కడి నుంచి కాండంలోకి పోయి లోపల్నుంచి తొలిచేస్తాయి. పైకి పచ్చగానే ఉన్న చేను వసంతం వచ్చాక ఎదగదు, గుబురుగా గిడసబారిపోతుంది. అంటే ఈ పురుగు రెండు దెబ్బలు కొడుతుంది. ఒకటి కంటికి కనిపించేది, రెండోది కనిపించనిది.

మందు ఎలా పోయింది?

ఒకప్పుడు దీనికి తేలికైన ఉపాయం ఉండేది. విత్తనానికే నియోనికోటినాయిడ్ జాతి మందు పూసి అమ్మేవారు. మన బీటీ పత్తి విత్తనాలకు పూసి వచ్చే ఇమిడాక్లోప్రిడ్ కూడా ఆ కోవలోదే. మొక్క ఆ మందును వంట్లో నింపుకుని మొలిచేది. పురుగు కొరికితే చచ్చేది. రైతు నిశ్చింతగా ఉండేవాడు.

అయితే ఆ మందు పువ్వులోకీ వస్తుంది, తేనెటీగ దాకా వెళ్తుంది. అందుకే ఐరోపా సమాఖ్య 2013 డిసెంబరు నుంచి ఇమిడాక్లోప్రిడ్, క్లోథియానిడిన్, థయామెథాక్సామ్ అనే మూడు మందులను తేనెటీగలు వాలే పంటలపై వాడకుండా ఆపింది. 2018లో ఆరుబయట పండే పంటలన్నిటికీ ఆ నిషేధాన్ని విస్తరించింది. 2014 ఆగస్టులో ఇంగ్లండు రైతులు చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారి మందు పూయని విత్తనం నేలలో వేశారు.

మిగిలింది పైన కొట్టే పైరిత్రాయిడ్ మందు. వేరే జాతి మందు లేకపోవడంతో అందరూ దాన్నే కొట్టారు, మళ్ళీ మళ్ళీ కొట్టారు. పురుగు దానికి అలవాటు పడిపోయింది. మందు తడిసిన ఆకు మీద కూర్చుని తింటున్న పురుగును చూసి ఏ రైతుకైనా ఏం అనిపిస్తుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఎందుకంటే ఆ సినిమా మనం ముందే చూశాం. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులకు జరిగింది అదే. తెల్లదోమ కమ్ముకుంది. శనగపచ్చ పురుగు మీద అవే పైరిత్రాయిడ్లు పనిచెయ్యడం మానేశాయి. పని చెయ్యట్లేదని రెండు రకాలు కలిపి కొట్టారు, మూడు రోజులకోసారి కొట్టారు. మందుల కొట్లో అప్పు పెరిగింది, కాయలో పురుగు పెరిగింది. చివరికి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మన రాష్ట్రంలో పత్తి రైతుల ఆత్మహత్యలు పెద్ద వార్త అయింది అప్పుడే.

ఇంగ్లండులో అంత విషాదం జరగలేదు. అక్కడి రైతుకు గోధుమ ఉంది, బార్లీ ఉంది, వందల ఎకరాలున్నాయి. పంట మానుకున్నాడు, అంతే. బ్రిటన్‌లో 2012లో దాదాపు ఏడున్నర లక్షల హెక్టార్లలో ఉన్న కనోలా, పదేళ్ళు తిరగకముందే సగానికంటే తక్కువకు పడిపోయింది. దేశంలో నూనె మిల్లులకు బయటి గింజ తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ మిగిలిన సగంలోపు రైతులు ఏం చేస్తున్నారన్నదే ఈ వారం అసలు విషయం.

మొదటి మాట పదును

వాళ్ళు నేర్చుకున్న మొదటి పాఠం మన తాతలు చెప్పిందే. తేదీ చూసి కాదు, పదును చూసి విత్తు. నేలలో చెమ్మ ఉంటే మొలక అయిదారు రోజుల్లో లేచి, గబగబా మూడు నాలుగు ఆకులు వేస్తుంది. ఆ తర్వాత పురుగు తిన్నా తట్టుకుంటుంది. మొలకాకుల దశలో ఆకు విస్తీర్ణంలో నాలుగో వంతు పోతే ప్రమాదం అని అక్కడ లెక్క కట్టారు. మూడు నాలుగు ఆకులు వచ్చాక సగం పోయినా కోలుకుంటుందట. అంటే పురుగుకూ మొక్కకూ మధ్య జరిగేది పరుగు పందెం. పురుగును ఆపలేనప్పుడు మొక్కను తొందరగా పరుగెత్తించాలి.

అందుకే గోధుమ కోసిన వెంటనే ఎక్కువ దున్నరు. దున్నితే ఉన్న కాస్త చెమ్మ ఆరిపోతుంది. కొయ్యకాళ్ళు పొడుగ్గా ఉంచి, వాటి మధ్యనే సీడ్ డ్రిల్లుతో గింజ వేసేవాళ్ళు ఎక్కువయ్యారు. ఆ కొయ్యకాళ్ళ నీడన పదును నిలుస్తుంది, పురుగుకు మొలక తేలిగ్గా కనిపించదు. ఇంగ్లండు తూర్పు జిల్లాల్లో చాలాచోట్ల బరువైన బంకమన్ను. ఆగస్టు ఎండకు పెళ్ళలు పెళ్ళలుగా లేస్తుంది. పెళ్ళల మధ్య సందుల్లో గింజ వేలాడిపోతుంది, పదును అందదు. పైగా ఆ సందుల్లోనే స్లగ్ అనే గుల్ల లేని నత్త కాపురం పెడుతుంది. రాత్రిపూట వచ్చి మొలకలు మేస్తుంది. అందుకని విత్తగానే రోలరు తిప్పి మట్టిని గింజకు హత్తిస్తారు. మన గుంటక తిప్పడం వెనకున్న తెలివే అది. చేసే యంత్రం పెద్దది, చేసే పని అదే.

విత్తనం ఎక్కువ వేస్తే పురుగు తినగా మిగిలింది మనది అని కొందరనుకున్నారు. అది పెద్దగా కలిసి రాలేదు. కిక్కిరిసిన మొక్కలు సన్నగా ఎదుగుతాయి, సన్నని కాండంలో రెండు పిల్ల పురుగులు దూరినా మొక్క పడిపోతుంది. చదరపు మీటరుకు పాతిక నుంచి నలభై మొక్కలు నిలబడితే చాలు, అవే కొమ్మలు వేసి ఖాళీ నింపుకుంటాయి. కాండం లావుగా ఉంటే లోపల పురుగు ఉన్నా పంట పండుతుంది.

ముందా, వెనకా?

విత్తే సమయం దగ్గర వాళ్ళకో చిక్కుముడి ఉంది. ఆగస్టు మొదట్లోనే విత్తితే పురుగు గుంపు వచ్చేసరికి మొక్క ఎదిగి ఉంటుంది, మొదటి దెబ్బ తప్పుతుంది. కానీ పురుగుకు గుడ్లు పెట్టడానికి ఎక్కువ రోజులు దొరుకుతాయి. శీతాకాలంలో పిల్ల పురుగులు ఎక్కువవుతాయి. సెప్టెంబరు మధ్యకు జరిపితే పిల్ల పురుగులు తగ్గుతాయి. కానీ అప్పటికి చలి మొదలై మొక్క ముడుచుకుంటుంది, నత్తలూ పావురాలూ దాని మీద పడతాయి. ఏది మంచిదని అడిగితే అన్ని పొలాలకూ ఒకే జవాబు లేదు. తేలికనేల ఉన్నవాడు ఒకలా, బంకనేల ఉన్నవాడు ఒకలా తేల్చుకుంటున్నాడు. ఆగస్టు చివర, నేల ఎండి, పురుగు ఉధృతంగా తిరిగే రోజుల్లో మాత్రం విత్తకూడదని చాలామంది ఒప్పుకుంటారు.

ఎర, తోడు, మంద

నాకు బాగా నచ్చిన మూడు ఉపాయాలు ఇక్కడున్నాయి.

మొదటిది ఎర. కోతలప్పుడు నేల రాలిన గింజలు వానకు మొలుస్తాయి కదా. ఇంతకు ముందు వాటిని కలుపు అని వెంటనే చంపేసేవారు. ఇప్పుడు కొత్త పైరుకు దగ్గర్లో ఉన్న పాత కనోలా చేలో ఆ మొలకలను సెప్టెంబరు చివరి దాకా ఉంచుతున్నారు. పురుగు పుట్టిన చోటే తిండి దొరికితే పొరుగు చేనుకు పోవడం ఆలస్యమవుతుంది. కొత్త పైరు నిలదొక్కుకున్నాక ఆ ఎర మొక్కల్ని తీసేస్తారు. ఖర్చు లేని పని, పొలంలో ప్రయోగాలు చేసి ఫలితం ఉందని చూసిన పని.

రెండోది తోడు పంట. కనోలాతో పాటు బర్సీం గడ్డి, బక్‌వీట్, మెంతులు కలిపి చల్లుతున్నారు. బక్‌వీట్ అంటే ఉత్తరాదిలో ఉపవాసాల రోజున తినే కుట్టు పిండి గింజ. పురుగు తన మొక్కను ఆకు రూపాన్ని బట్టి, వాసనను బట్టి వెతుక్కుంటుంది. చుట్టూ వేరే మొక్కలుంటే తికమక పడుతుంది. గట్టి మంచు పడగానే ఈ తోడు మొక్కలు వాటంతట అవే చచ్చిపోతాయి, లేకపోతే కలుపు మందుతో తీసేస్తారు. బర్సీం, మెంతి పప్పుజాతివి కాబట్టి పోతూ పోతూ కాస్త నత్రజని కూడా ఇచ్చి పోతాయి. మన పోపులపెట్టెలో పక్క పక్క అరల్లో ఉండే ఆవాలూ మెంతులూ అక్కడ చేలో కూడా పక్క పక్కనే మొలుస్తున్నాయన్నమాట.

మూడోది వింటే మీకు నవ్వొస్తుంది. గొర్రెల మంద. డిసెంబరు, జనవరి నెలల్లో చేలోకి గొర్రెల్ని వదులుతారు. అవి ఆకులు మేస్తాయి. ఆకు కాడల్లో దాక్కున్న పిల్ల పురుగులు కూడా వాటితో పాటే పోతాయి. మొక్క మళ్ళీ చిగురిస్తుంది. కాండం పైకి లేవడం మొదలయ్యాక మాత్రం మేపకూడదు, అప్పుడు మేపితే దిగుబడి పోతుంది. మనవాళ్ళు ఎరువు కోసం పొలంలో మంద కట్టిస్తారు. వాళ్ళకు ఎరువుతో పాటు పురుగు నివారణ కూడా దొరుకుతోంది.

వీటికి తోడు పంట మార్పిడి. రెండేళ్ళకోసారి వేసే చేలో ఇప్పుడు నాలుగైదేళ్ళకోసారి వేస్తున్నారు. దీనివల్ల పురుగుతో పాటు, వేళ్ళు గడ్డలు కట్టించే క్లబ్‌రూట్ అనే నేల తెగులు కూడా అదుపులో ఉంటుంది. ఆమ్ల నేలల్లో దానికి సున్నం కూడా వేస్తారు. ఇంకో సంగతి. పిల్ల పురుగు వంట్లో గుడ్డు పెట్టి దాన్ని చంపే చిన్న కందిరీగలు ఉన్నాయి. అవి కనోలా కోసిన నేలలోనే నిద్రపోతాయి. లోతుగా దున్నితే అవి చస్తాయి. మందు కొట్టినా చస్తాయి. దున్నకం తగ్గించి, పనిచెయ్యని మందు మానేసినవాడి చేలో అవి బతికే అవకాశం ఎక్కువ.

ఇందులో ఏ ఒక్కటీ పురుగును పూర్తిగా ఆపదు. ఒక్కోటి కొంచెం కొంచెం తగ్గిస్తుంది. నాలుగైదు కలిస్తే చేను గట్టెక్కుతుంది. ఒక్కో ఏడు ఇవన్నీ చేసినా పోతుంది. ఈ సంగతి దాచిపెట్టి ఉపాయాలు మాత్రమే చెప్తే అది రైతును మోసం చెయ్యడమే.

పోయినప్పుడు ఎంత పోవాలి?

అందుకే తెలివైన రైతులు ఇంకో లెక్క నేర్చుకున్నారు. పైరు నిలబడుతుందో లేదో తెలిసేదాకా పెట్టుబడి పెట్టరు. సొంత గింజ దాచుకుని విత్తేవాళ్ళున్నారు. ఎరువులు, మందులు మొలక గట్టిపడ్డాకనే. సెప్టెంబరుకు చేను పలచబడితే మొండికేసి కూర్చోకుండా చెరిపేసి గోధుమ వేసేస్తారు. కొన్ని విత్తన కంపెనీలు కూడా దిగి వచ్చాయి. పైరు నిలదొక్కుకోకపోతే విత్తనం ఖరీదులో కొంత వదులుకునే పథకాలు పెట్టాయి.

ఈ చివరి మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. మన దగ్గర విత్తనం మొలవకపోతే ఏం జరుగుతుంది? రైతు బిల్లు వెతుక్కోవాలి. బిల్లు ఇచ్చి ఉండరు. ఇచ్చినా సంచి దాచి ఉండడు. వానలు సరిగ్గా పడలేదంటారు, లోతుగా వేశావంటారు. మొత్తం నష్టం రైతుదే. వందల ఎకరాల ఇంగ్లండు రైతు నష్టాన్ని పంచుకోవడానికి కంపెనీ ముందుకు వచ్చినప్పుడు, రెండెకరాల మన రైతు విషయంలో ఎందుకు రాదు? అక్కడ రైతు పంటే మానేస్తాడన్న భయం ఉంది కాబట్టి. మన రైతుకు మానుకునే దారి లేదని అందరికీ తెలుసు కాబట్టి.

మన చేలో

మన దగ్గర ఆవాలు తక్కువే. నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు యాసంగిలో కొంత వేస్తారు. రాజస్థాన్ వాళ్ళది అసలైన ఆవాల సీమ. భరత్‌పూర్‌లో ఈ పంటకంటూ జాతీయ పరిశోధన సంస్థ ఉంది. కానీ వంటనూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచి తెచ్చుకుంటున్న మనకు, తక్కువ నీళ్ళతో పండే నూనెగింజ ఏదైనా విలువైనదే. బోర్లు ఎండుతున్న చోట యాసంగి వరికి బదులు ఆవాలు వెయ్యాలనుకునేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది ఇదే. ఆవాలకు పెద్ద శత్రువు పేనుబంక. అది చలి ముదిరాక పెరుగుతుంది. అక్టోబరులో విత్తితే అది ముమ్మరమయ్యేసరికి చేను పూత దాటి కాయ మీద ఉంటుంది. నవంబరు చివరికి జరిపితే సరిగ్గా పూత మీద దొరికిపోతుంది. మొలక దశలో రసం పీల్చే మచ్చల నల్లి వస్తే, తొలి తడి త్వరగా ఇస్తే దాని ఉధృతి తగ్గుతుంది. మళ్ళీ పదునే.

ఆవాలు వెయ్యని వాళ్ళకూ ఇది కొత్త కాదు. తొలకరికి, జూలై మొదటి పక్షం లోపు విత్తిన జొన్నకు మొవ్వు ఈగ బెడద తక్కువని మన పెద్దలకు తెలుసు. ఊరంతా ఒకేసారి విత్తితే ఇంకా తక్కువ. ఒకడు జూన్‌లో, ఇంకొకడు ఆగస్టులో విత్తితే మొదటివాడి చేలో పుట్టిన ఈగ రెండోవాడి చేను తింటుంది. వేరుశనగ గట్ల మీద ఆముదం వేసి పొగాకు లద్దె పురుగును అటు లాగడం, పత్తిలో బంతి వేసి శనగపచ్చ పురుగును పట్టడం మన విశ్వవిద్యాలయాలు ఎప్పటి నుంచో చెప్తున్నవే. ఇంగ్లండు రైతు మందు పోయాక గానీ వీటి వైపు చూడలేదు. మనకు మందు ఇంకా కొట్లో దొరుకుతోంది కాబట్టి మనం చూడట్లేదు.

ఈసారి విత్తే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. గింజ దిగే లోతున పదును ఉందా? ఈ పంటకు వచ్చే పురుగు ఏ నెలలో వస్తుంది, అప్పటికి నా మొక్క ఎంత ఎత్తుంటుంది? పక్క చేలవాళ్ళు ఎప్పుడు విత్తుతున్నారు? ఈ పైరు మొదటి నెలలో పోతే నాకు ఎంత పోతుంది? వీటికి జవాబులు తెలిశాక కూడా మందు అవసరం పడొచ్చు. అప్పుడు అడగండి, పేరూ మోతాదూ చెప్తాను. విత్తనం సంచి విప్పకముందే మందు పేరు అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు.